గోరువెచ్చన పడని మనిషి

ఆయన పోయారన్న కబురు వచ్చేసరికి నేను కోడికూర చల్లారబెడుతున్నాను. స్టీలు ట్రేలలో పల్చగా పరిచి, కింద ఐసునీళ్ళు పెట్టి, గరిటెతో అటూ ఇటూ తిప్పుతూ నిలబడ్డాను. ఫోను పక్కన బల్లమీద ఉంది. మా ఊరి తెలుగువాళ్ళ గ్రూపులో ఎవరో పెట్టారు, డాక్టరుగారు నిద్రలోనే వెళ్ళిపోయారని. ఇలాంటి మాట వింటే ఎవరైనా చేతిలో పని వదిలేసి కూర్చుంటారు. నేను గరిటె ఆపలేదు. కూర సగం చల్లారి ఉంది. దాన్ని అలా మధ్యలో వదిలేస్తే ఆయన ఊరుకునే మనిషి కాదు.

జర్మనీలో ఈ కార్ల్స్‌రూహెలో మా వాళ్ళందరికీ ఆయన డాక్టరుగారే. కొత్తగా వచ్చినవాళ్ళు మోకాలి నొప్పి గురించో, పిల్లల దగ్గు గురించో ఆయన్ని అడిగేవాళ్ళు. "నేను పశువుల డాక్టర్నండీ. అదీ బతికున్నవాటికి కాదు" అనేవారు. గుంటూరు వైపు మనిషి. నేను పుట్టకముందెప్పుడో చదువుకోసం వచ్చి, మాంసం ఎందుకు పాడవుతుందో, తిన్నవాళ్ళకు ఎందుకు జబ్బు చేస్తుందో పరిశోధించే ఒక ప్రయోగశాలలో ఉండిపోయారు. అక్కడ మీరు చేసే పనేమిటని అడిగితే, "కూర చల్లారుతుంటే కూర్చుని చూడటం. దానికి జీతమిస్తారు" అనేవారు. వేళాకోళం అనుకున్నాను. ఆ తర్వాత ఒకసారి వాళ్ళ ప్రయోగశాలకు తీసుకెళ్ళి చూపించారు. నిజంగానే అదే పని.

మనిషి పొడుగు, కాస్త వంగి నడిచేవారు. చొక్కా జేబులో అందరికీ పెన్ను ఉండేచోట ఆయనకు సూదిలాంటి మొనతో ఒక థర్మామీటరు ఉండేది. కోటు జేబులో మూతల చిన్న డబ్బాలు. ఏ ఇంట్లో భోజనానికి పిలిచినా ముందు వంటింట్లోకి వెళ్ళి, సూదిని స్పిరిటు దూదితో తుడిచి, గిన్నె ముందు కొంచెం వంగి, ఒక కన్ను మూసి, సూది గుచ్చేవారు. అంకె కుదురుకునేదాకా ఊపిరి కూడా తీసుకునేవారు కాదు. పిల్లలకది తమాషా. మా పాప ఆయన్ని జర్మన్‌లో థర్మోమేటర్ ఓంకెల్, థర్మామీటరు మామయ్య, అని పిలిచేది. పెద్దవాళ్ళకు మాత్రం ఒళ్ళు మండేది. ఇంటికొచ్చిన అతిథి మన గిన్నెలో సూది పెట్టి చూస్తే ఎవరికి మండదు?

ఆయనకు గోరువెచ్చన అంటే పడదు. కూరలోనే కాదు, దేంట్లోనూ. కాఫీ కొంచెం ఆరితే తాగేవారు కాదు. "వేడిగా ఉండాలి, లేకపోతే చల్లగా ఉండాలి. మధ్యలోనే రోగం" అనేవారు. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా ఆరా తీస్తే, "అన్నీ గోరువెచ్చని సంబంధాలే వచ్చాయండీ" అని తప్పించుకునేవారు.

నాకు ఆయన పరిచయం అయింది సిగ్గుతోనే. మా ఆయన ఐటీ ఉద్యోగం మీద బ్లూకార్డుతో వస్తే వెంట వచ్చినదాన్ని నేను. మాది వరంగల్ దగ్గర. ఇంట్లో ఊరికే కూర్చోలేక వంట మొదలుపెట్టాను. ఆరోగ్యశాఖ ఆఫీసులో టెర్మిన్, అంటే వెళ్ళే రోజూ వేళా, ముందుగా తీసుకుని, వంటవాళ్ళు తప్పనిసరిగా వినాల్సిన శుభ్రత పాఠం విన్నాను. వ్యాపారం నమోదు చేయించుకున్నాను. మూతపడ్డ ఒక క్యాంటీన్ వంటగదిని శనాదివారాలకు అద్దెకు తీసుకున్నాను. నా మొదటి పెద్ద ఆర్డరు ఒక పాప పుట్టినరోజు విందు. బిర్యానీ డేగిసా తెచ్చి బల్లమీద పెట్టాను. జనం పళ్ళేలు పట్టుకుని వరుసలో ఉన్నారు. అప్పుడు ఈ పొడుగు మనిషి ముందుకొచ్చి మూత తీసి సూది గుచ్చారు.

"సార్, ఏం జేస్తున్నరు? అది బిర్యానీ. జరమొచ్చిన పిల్ల గాదు" అన్నాను.

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. "దీనికి జరం ఉండాలమ్మా. తగ్గిపోయింది. అరవై అయిదు దాటి ఉండాలి, యాభై కూడా లేదు. పట్టుకెళ్ళి మళ్ళీ పొయ్యిమీద పెట్టు" అన్నారు, ఎంతో మామూలుగా.

అన్ని కళ్ళ ముందు డేగిసా ఎత్తుకుని లోపలికి వెళ్ళాను. తల కొట్టేసినట్టయింది. ఎసరు పెట్టడం కూడా రానిదాన్ని చూసినట్టు చూశారు అందరూ. ఆ రోజంతా ఆయన్ని మనసులో తిట్టని తిట్టు లేదు.

తర్వాతి శనివారం ట్రామ్ దిగి మా వంటగది వెతుక్కుంటూ ఆయనే వచ్చారు. చేతిలో చిన్న పొట్లం. విప్పితే ఆయన దగ్గర ఉన్నలాంటిదే ఇంకో థర్మామీటరు.

"బాగా తిట్టుకున్నావా అమ్మా?"

"తిట్టుకున్న సార్."

"మంచిది. నాతో గోరువెచ్చగా ఉండకు, అది చాలు."

అలా మొదలైంది. వారం వారం వచ్చేవారు. ఒక మూల స్టూలు వేసుకుని కూర్చుని చూసేవారు. పెద్ద గిన్నెలో కూర వండి అలాగే ఉంచితే నడిమి భాగం రాత్రంతా వెచ్చగానే ఉంటుందని, పొయ్యిమీద చావని క్రిములకు అదే మంచి ఆదను అని చెప్పేవారు. "ఉడికిస్తే చచ్చేవి చస్తాయి. గింజ కట్టుకున్నవి చావవు. కూర ఆరేటప్పుడు అవి మొలకెత్తుతాయి." ప్రయోగశాలలో ఆయన నాకు చూపించింది వాటినే. గాజుపళ్ళెంలో నల్లటి చుక్కలు, గసగసాలు చల్లినట్టు. వాటివైపు చూస్తూ ఆయన మొహం ఎలా ఉందంటే, పాత శత్రువు ఫోటో చూపిస్తున్నట్టు ఉంది. జీవితమంతా దానితోనే గడిపిన మనిషి మరి.

ఆ డబ్బాల సంగతి కూడా అప్పుడే తెలిసింది. ఇక్కడి క్యాంటీన్లలో వడ్డించిన ప్రతి వంటకంలోంచి కొంచెం తీసి, పేరు రాసి, కొన్నాళ్ళు ఫ్రీజరులో ఉంచుతారు. ఎవరికైనా జబ్బు చేస్తే పరీక్షకు పనికొస్తుంది. ఆయన వాటిని సాక్షులు అనేవారు. "ఒక సాక్షిని పక్కన పెట్టు తల్లీ" అని నాకు అలవాటు చేశారు. ఆయనకు మాత్రం అదొక వ్యసనం. ఎక్కడ విందు జరిగినా ప్రతి గిన్నెలోంచీ ఒక చెంచా తీసి డబ్బాలో వేసుకుని, ఇంటికెళ్ళి ఫ్రీజరులో పెట్టేవారు. ఒంటరి మనిషి కదా, మర్నాటికి దాచుకుంటున్నారని కొందరు నవ్వుకునేవాళ్ళు.

ఆ శరదృతువులో వాళ్ళ అక్కగారు వచ్చారు. తల్లి చిన్నప్పుడే పోతే ఆయన్ని పెంచింది ఆవిడే. జర్మనీ రావడం మొదటిసారి. సన్నగా, పొట్టిగా, పెద్ద గొంతుతో ఉండే మనిషి. వాళ్ళ ఊళ్ళో ఏ పెళ్ళి జరిగినా వంటవాళ్ళ పక్కన కుర్చీ వేసుకుని ఉప్పూ కారం చెప్పేది ఆవిడేనట. నేను అమ్మమ్మా అనేదాన్ని. ఆవిడ ముందు డాక్టరుగారు వేరే మనిషి. నడుం కూడా సరిగ్గా నిలబడేది. ఏరా, ఒరేయ్ అని పిలుస్తుంటే మేమంతా ఆశ్చర్యంగా చూసేవాళ్ళం.

దసరాకు చర్చివాళ్ళ హాలు ఒకటి అద్దెకు తీసుకుని అందరం కలిశాం. బిర్యానీ నాకు చెప్పారు. మిగిలినవి తలా ఒకటి ఇళ్ళనుంచి తెచ్చారు. అక్కగారు మాంసం కూర వండుకొచ్చారు, కొబ్బరి, గసగసాలు నూరి. ఇక్కడ దొరికే గసగసాలు నల్లనివి, కేకుల్లో వేసుకునేవి. వాటితో కూర బూడిద రంగులోకి తిరిగింది.

"ఇదేం రంగు అమ్మమ్మా, సిమెంటు కలిపినవా ఏంది?" అన్నాను.

"మీ జర్మనీ గసాలమ్మాయ్ ఇవి. రంగు చూడకు, ముక్క చూడు. ఎన్న కరిగినట్టు కరుగుద్ది."

డాక్టరుగారు అలవాటుగా జేబులోంచి సూది తీశారు. ముందు నా బిర్యానీకి పెట్టారు, తల ఊపారు. పప్పుకు పెట్టారు, ఇంకెవరో తెచ్చిన చికెన్ వేపుడుకు పెట్టారు. అక్కగారి గిన్నె దగ్గరికొచ్చి మూత తీశారు. అక్కగారు ఆయన చేతివైపు చూసింది.

"ఏవిట్రా అది? నా కూరలో గుచ్చుతావా?"

ఆయన చెయ్యి గాలిలోనే ఆగింది. నేను పక్కనే గరిటె పట్టుకుని నిలబడ్డాను.

"మా బిర్యానీకి పెడ్తరు గని అమ్మమ్మ కూరకు పెట్టరా సార్?" అని ఎగతాళి చేశాను.

ఆయన నవ్వారు. చిన్నపిల్లవాడు తప్పు దొరికినప్పుడు నవ్వే నవ్వు. సూదిని దూదితో తుడిచి జేబులో పెట్టేసుకున్నారు. ఆ తర్వాత అందరి గిన్నెల్లోంచీ తీసినట్టే అక్క కూరలోంచీ ఒక చెంచా డబ్బాలో వేశారు. అది చూసి అక్కగారు మురిసిపోయింది. "చూశావా, రేపటికి దాచుకుంటున్నాడు. చిన్నప్పుడూ ఇంతే" అంది. కూర మాత్రం నిజంగా బాగుంది. బూడిద కూర, బూడిద కూర అంటూనే గిన్నె ఖాళీ చేశారు.

తెల్లవారకముందే మొదలైంది. కడుపులో మెలిపెట్టే నొప్పి, విరేచనాలు. ఒక్కొక్కరే గ్రూపులో రాయడం మొదలుపెట్టారు. మధ్యాహ్నానికి అందరికీ కారణం తెలిసిపోయింది. బయటినుంచి తెప్పించింది ఏది? బిర్యానీ. డబ్బులిచ్చి కొన్నది ఏది? బిర్యానీ. ఇంట్లో పెద్దవాళ్ళు ప్రేమగా వండినదాన్ని ఎవరనుమానిస్తారు? మన బుద్ధి అలాంటిది. అమ్మకానికి వండిన చెయ్యి మురికిది, పెట్టడానికి వండిన చెయ్యి శుభ్రమైంది. ఒకావిడ పేరు పెట్టకుండా "వ్యాపారం అయ్యాక ఇంతేలెండి" అని రాసింది. దానికి చాలామంది అవునన్నట్టు బొటనవేలు బొమ్మ పెట్టారు. వాళ్ళలో మా ఇంట్లో కూర్చుని నాతో పాటు కూరగాయలు తరిగినవాళ్ళు కూడా ఉన్నారు.

చెప్పుకోవడానికే సిగ్గేసే సంగతి ఏమిటంటే, నేను కూడా నమ్మాను. నేను మాంసం ఎలా కడిగానో, ఎంతసేపు వండానో, ఎన్నిసార్లు సూది పెట్టి చూశానో అన్నీ నాకు గుర్తున్నాయి. అయినా అంతమంది ఒకేమాట అంటుంటే నా చేతులమీదే నాకు అనుమానం వచ్చింది. మా ఆయన ఆఫీసులో తెలుగువాళ్ళ మధ్య భోజనానికి వెళ్ళడం మానేశాడు. పాపను కిటాలో, అదే ఇక్కడి చిన్నపిల్లల బడిలో, దింపడానికి వెళ్తే ఒక తల్లి తన బిడ్డను చెయ్యి పట్టుకుని పక్కకు లాక్కుంది. ఆవిడ నిజంగా అందుకే లాక్కుందో లేదో తెలీదు. నాకు మాత్రం అలాగే కనిపించింది.

ఒక చిన్నబాబును ఒక రోజు ఆస్పత్రిలో ఉంచారు. ఒకేచోట తిన్నవాళ్ళు ఇలా జబ్బుపడితే ఇక్కడి డాక్టర్లు ఆరోగ్యశాఖకు చెప్పాలి. వాళ్ళు నా వంటగదికి వచ్చారు. ఫ్రీజరులోంచి నా బిర్యానీ సాక్షిని తీసిచ్చాను. దాంట్లో ఏదైనా దొరికితే నా వంటగది మూతే. అంతకంటే ఎక్కువ భయం, ఇక ఈ ఊళ్ళో తలెత్తుకుని తిరగలేనని.

ఆ సాయంత్రమే డాక్టరుగారు తన డబ్బాలన్నీ తీసుకెళ్ళి వాళ్ళకు అప్పగించారట. అక్క కూర డబ్బా కూడా. తన ప్రయోగశాలలోనే పరీక్ష చేసుకోవచ్చు కదా అని తర్వాత ఎప్పుడో అడిగితే, "మా ఇంటి కూరకు నేను తీర్పు చెప్పకూడదమ్మా" అన్నారు. ఆ ఒక్క డబ్బా చెత్తబుట్టలో పడేసి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. ఆయన ఫ్రీజరులో ఏ డబ్బాలు ఉన్నాయో ఆయనకు తప్ప ఎవరికి తెలుసు?

ఫలితం వచ్చింది. నా బిర్యానీలో ఏమీ లేదు. అక్క కూరలో ఆ నల్లచుక్కల క్రిమి లెక్కకు మించి ఉంది. ఆయన జీవితమంతా వెంటాడిన శత్రువు ఆయన ఇంటి గిన్నెలోనే కాపురం పెట్టింది.

గ్రూపులో ఆయన గొంతు పెట్టారు. రాయలేదు, మాట్లాడారు. ఇప్పటికీ నా ఫోనులో ఉంది.

"ఆ కూర మా ఇంట్లోది. ముందురోజు సాయంత్రం వండాం. వేడి పోకూడదని గిన్నెకు దుప్పటి చుట్టి ఉంచాం. తెల్లారి చెయ్యి పెట్టి చూశాను, గోరువెచ్చగా ఉంది. మళ్ళీ మరిగిస్తే ముక్క పీచవుద్దంటే ఊరుకున్నాను. హాల్లో కొలవాల్సింది, కొలవలేదు. సిగ్గేసింది. బిర్యానీ చేసిన అమ్మాయి తప్పు ఇసుమంతైనా లేదు. ఆ అమ్మాయిని అన్న మాటలన్నీ నన్ను అనండి."

దుప్పటి చుట్టింది అక్కగారని, ముక్క పీచవుతుందని అన్నది ఆవిడేనని ఆయన ఎక్కడా చెప్పలేదు. చెప్పాల్సిన పనేముంది, కూర ఎవరు వండారో అందరికీ తెలుసు. ఇక గ్రూపంతా ఓదార్పులే. అయ్యో పెద్దావిడ, పాపం తెలియక జరిగింది, మనసులో పెట్టుకోవద్దని చెప్పండి అంటూ. ఎవరిమీదా కోపం లేదు ఒక్కసారిగా. నా బిర్యానీ అనుకున్నప్పుడు కడుపులో విషం పోసినట్టు మాట్లాడినవాళ్ళే. నాకు మాత్రం ఒక్కరు కూడా సారీ చెప్పలేదు. నేను ఆ ఫోను మంచంమీదికి విసిరేశాను. కానీ లోపల హాయిగా ఉంది. వారం తర్వాత కడుపునిండా తిన్నాను. నా చేతులు నాకు తిరిగొచ్చాయి.

రెండు రోజులకు డాక్టరుగారు ఫోను చేశారు. "ఒకసారి ఇంటికి రాగలవా అమ్మా? అక్క వంటింట్లోకి వెళ్ళడం లేదు. నేను చెబితే వినడం లేదు."

వెళ్ళాను. నిజం చెప్పాలంటే కొంచెం దర్జాగానే వెళ్ళాను. ఆవిడ నా చేతులు పట్టుకుని బాధపడుతుంది, నేను పరవాలేదు అమ్మమ్మా అంటాను, అలా ఊహించుకుంటూ ట్రామ్‌లో కూర్చున్నాను. ఆవిడ సోఫా అంచున, ఎప్పుడైనా లేచిపోయేదానిలా కూర్చుని ఉంది. పెద్ద గొంతు పోయింది. కాళ్ళకు సాక్సులు, భుజాలమీద స్వెట్టరు, చేతులు ఒళ్ళో.

"ఆ పిల్లోడు బాగున్నాడా?" అంది ముందుగా. ఆస్పత్రిలో ఉన్న బాబు.

"మంచిగున్నడు అమ్మమ్మా. నిన్న పార్కుల ఆడుతుండె."

"నేను విషం పెట్టానా అమ్మాయ్ మీ అందరికీ?"

వస్తూ వస్తూ అనుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. నేను అనుభవించిన వారం రోజుల అవమానం ఎత్తి ఆవిడ ఒళ్ళో పెట్టారు. అది దిగిపోయి నేను హాయిగా అన్నం తిన్నాను. ఆ హాయి తలుచుకుంటే ఆవిడ ముందు కూర్చోలేకపోయాను.

"మా ఊళ్ళో కూడా తెలిసిందంట" అంది ఆవిడ. "ఎవరో ఇక్కణ్ణించి వాళ్ళ అత్తగారికి చెప్పారంట. మా మరిది కూతురు ఫోన్ చేసి అడుగుద్ది, నిజమేనా పెద్దమ్మా అని. ఏవని చెప్పను?"

డాక్టరుగారు గుమ్మం దగ్గరే నిలబడ్డారు. నన్ను సాగనంపడానికి ట్రామ్ స్టాపుదాకా వచ్చారు. ట్రామ్ కనిపించాక అన్నారు.

"నువ్వు పడ్డది చూళ్ళేకపోయాను. అక్క పడేది చూళ్ళేకపోతున్నాను. చెప్పకుండా ఉండాల్సింది అనటం లేదమ్మా. కానీ తలెత్తలేకపోతున్నాను."

"మీరేం తప్పు జేసిండ్రు సార్?"

"అక్కకి మర్యాద చేశాను" అన్నారు.

ట్రామ్ వచ్చింది. ఎక్కాను. కిటికీలోంచి చూస్తే ఆయన మళ్ళీ పాతలాగా వంగి నడుస్తున్నారు.

వీసా గడువు ఇంకా ఉండగానే అక్కగారు వెళ్ళిపోయింది. ఊళ్ళో పెళ్ళివంటల దగ్గరికి మళ్ళీ వెళ్ళలేదని, ఎవరైనా పిలిచినా ఒంట్లో బాగాలేదని తప్పించుకుంటుందని ఆయనే ఎప్పుడో చెప్పారు.

ఇక డాక్టరుగారి జేబులో ఆ సూది కనిపించలేదు. ఆ చోట ఒక పెన్ను ఉండేది. ఎవరింటికి పిలిచినా వంటింట్లోకి వెళ్ళేవారు కాదు. పెట్టింది తినేవారు. ఒకసారి ఎవరింట్లోనో, ఎప్పుడో వేయించి పెట్టిన సమోసాలు, చేత్తో ముట్టుకుంటేనే తెలుస్తుంది ఆరిపోయాయని. తల దించుకుని తిన్నారు. నేను చూస్తున్నానని తెలిసి, "బాగున్నాయమ్మా" అన్నారు. అందరికీ సంతోషం. డాక్టరుగారు మారారు, ఇప్పుడు మనిషిలా కలిసిపోతున్నారు అని చెప్పుకున్నారు. నా వంటగదికి మాత్రం వస్తూనే ఉన్నారు. మూలన స్టూలుమీద కూర్చుని నేను సూది పెడుతుంటే చూసేవారు. అంకె ఎంతో ఎప్పుడూ అడగలేదు. నేనే చదివి వినిపించేదాన్ని.

ఆయన పోయిన కొన్నాళ్ళకు అదే హాల్లో అందరం కూడి తలుచుకుందామన్నారు. పోయినవాళ్ళకు ఇష్టమైనవి వండి పెట్టడం మా వైపూ ఉంది, వాళ్ళ వైపూ ఉంది. వంట నాకే చెప్పారు. ఆ ముందురోజు అక్కగారు ఫోను చేసింది.

"అమ్మాయ్, వాడికి నా కూరంటే ప్రాణం. అదే వండు. అక్కడి నల్ల గసాలతోనే వండు."

"ఆ కూరనా అమ్మమ్మా?" అన్నాను. అనకుండా ఉండాల్సింది.

"ఆ కూరే. వండి, వడ్డించే ముందు వాడి సూది పెట్టు. అందరి ముందూ పెట్టు. వాడు ఆవేళ నాకు జడిసి ఊరుకున్నాడు. నాకెందుకమ్మాయ్ ఆ మర్యాద? గుచ్చి ఉంటే నాలుగు తిట్టేదాన్ని. తిట్టి, మళ్ళీ పొయ్యిమీద పెట్టేదాన్ని. అంతేగా."

హాల్లో గోడకు ఆయన ఫోటో. ముందు మాట్లాడాల్సినవాళ్ళు మాట్లాడారు. ఎంత మంచి మనిషో, ఎంత కలుపుగోలుగా ఉండేవారో అన్నారు. చివరి రెండేళ్ళ మనిషిని పొగిడారంతా. గిన్నె బల్లమీద పెట్టాను. వీడియోలో అక్కగారిని పిలిచి, ఫోను నీళ్ళ జగ్గుకు ఆనించాను. మూత తీశాను. బూడిద రంగు కూర. వరుసలో ముందున్నవాళ్ళ మొహాలు మారడం నాకు తెలిసింది.

ఆయన ఇచ్చిన సూదిని దూదితో తుడిచాను. గిన్నె ముందు కొంచెం వంగి నడిమధ్యన గుచ్చాను. ఎవరూ నవ్వలేదు.

"ఎంతుందమ్మాయ్?" అంది అక్కగారు ఫోనులోంచి. గొంతు పూర్తిగా కాదు కానీ కొంత తిరిగొచ్చింది.

"డెబ్బై దాటింది అమ్మమ్మా."

"అయితే పెట్టు."

గరిటెతో కూర తీసి పట్టుకున్నాను. ఎవరూ పళ్ళెం చాపలేదు. ముందున్నాయన ఫోను చూసుకుంటున్నాడు. ఆయన వెనకావిడ, వ్యాపారం అయ్యాక ఇంతేలెండి అని రాసినావిడ, ఈ పూట మాంసం తిననని ఎవరికో మెల్లగా చెబుతోంది. ఫోను తెర వాళ్ళవైపే తిరిగి ఉంది. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. ఫోను తీసి నావైపు తిప్పుకున్నాను.

"తింటున్నారా అందరూ?" అంది ఆవిడ.

అవునని చెప్పబోయాను. గోడమీద ఫోటో కనిపించింది. పళ్ళెం తీసుకుని నాకు నేనే వడ్డించుకుని ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాను.

"నేనైతే తింటున్న అమ్మమ్మా."

ఆవిడకు అర్థమైంది. నన్నే అడిగింది.

"ఎట్టా ఉంది?"

నాలుక కాలింది. కళ్ళలో నీళ్ళు అందుకే వచ్చాయని అక్కడున్నవాళ్ళు అనుకుని ఉంటారు.

"వేడిగ ఉంది అమ్మమ్మా" అన్నాను.